రసమట్టం తప్పు చెప్పదు

సువార్త పింగాణీ కెటిల్ మూత పగలగొట్టింది ఆమె తమ్ముడు జ్ఞానశేఖరే. ఇందులో వాదన లేదు. ఆమెను సమాధి చేసి వచ్చిన రోజున వంటింట్లో కప్పులు కడిగింది అతను. మర్నాడు చూస్తే మూత లేదు. చూసినవాళ్ళు లేరు, ముక్కలు దొరకలేదు. ముక్కలు కూడా దొరక్కుండా చేశాడంటే ఎంత గుండెలు తీసిన బంటో తెలుసుకోవచ్చునని దేవసహాయం నాలుగేళ్ళుగా అంటున్నాడు.

"నేను కాదు బావా" అని జ్ఞానశేఖర్ మొదటి ఏడాది అన్నాడు. తర్వాత అనడం మానేశాడు. అంటే ఒప్పుకున్నట్టేనని దేవసహాయం తేల్చేశాడు.

దేవసహాయం రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి దిగిపోయిన మనిషి. గోదావరి వైపు పల్లెటూళ్ళో మిషను బడి చదువు. మిగతా విషయాల్లో తనకు తెలియనివి ఉండవచ్చునని ఎప్పుడైనా ఒప్పుకునేవాడేమో గాని, సామాను కట్టడంలో తనను మించినవాడు నైజాం రాజ్యంలో లేడని ఆయన నమ్మకం. భార్య పోయాక ఆ నమ్మకం తప్ప ఇంట్లో ఇంకో తోడు లేదు.

కార్ఖానా పేటలో అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో ఉన్న కూతురు ప్రేమమణి తమ దగ్గరికి వచ్చెయ్యమంది. అల్లుడి చూరు కింద తలదాచుకోవడం ఆయనకు చేతకాదు. అందుకని, దేశం వదిలిపోతున్న ఒక దొర వేలం వేసిన చక్రాల గది కొన్నాడు. దొర షికారు వెళ్ళేటప్పుడు మోటారు వెనక తగిలించుకునేవాడట. రెండు చక్రాలు, రేకు గోడలు, వెనక తలుపు, పక్కన చిన్న కిటికీ, ఒంటినిండా పటాలం వాళ్ళ ఆకుపచ్చ రంగు. దాన్ని కూతురి పెరట్లో నిలిపి అందులో ఉంటాడు. అల్లుడి ఇంట్లో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

నైజాం మీద ఇండియా పోలీసు చర్య జరిగిన ఆ నాలుగు రోజులూ ఊరంతా తలుపులు బిగించుకుంటే ఆయన లోపల అలమర బిగించాడు. గది ముందు గోడకు ఆనించి, నోరు వెనక్కి ఉండేలా, కింది నుంచి పై దాకా అరలు వేశాడు. ప్రతి అర అంచుకీ అడ్డపట్టీ కొట్టాడు. ప్రతి అర మీదా రసమట్టం పెట్టి చూశాడు. గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా మేకు దించలేదు. ఎడ్లు గాని మోటారు గాని కట్టని ఆ బండి ముందు మూతి అప్పుడు కింద ఒక రాయి మీద వాలి ఉంది. ఆ సంగతి ఆయన గమనించలేదు. రసమట్టం చూసేవాడికి రాయిని చూడాల్సిన పనేముంది?

అరల్లో సామాను సర్దాడు. ఇత్తడి గిన్నెలు, ఎనామిల్ పళ్ళేలు, దుప్పట్లు, సువార్త ఉన్ని అల్లుకునే రేకు డబ్బా. ఆ డబ్బా మూత ఆయన నాలుగేళ్ళుగా తియ్యలేదు. నడిమి అరలో పింగాణీ టీ సెట్టు. చనిపోయే ముందు సువార్త ఒక్కటే అడిగింది: ఎప్పటికైనా ప్రేమమణికి పుట్టే బిడ్డకు పేరు పెట్టే ప్రార్థన నాడు పాస్టరు అయ్యగారికి తన సెట్టులోనే టీ ఇవ్వాలని. ఆ ప్రార్థన ఈ శనివారం సాయంత్రమే. అన్నిటి మీదుగా మంచపు నవారు లాగి కట్టి, తన పేరుమోసిన ముడి వేశాడు.

శనివారం ఉదయం జ్ఞానశేఖర్ సైకిలు మీద వచ్చాడు. గంపా, గడ్డీ, నాలుగు పాత చీరలూ తెచ్చాడు.

"బావా, టీ సెట్టు ఇలా ఇవ్వు. చీరల్లో చుట్టి గంపలో పెట్టుకుని సైకిలు నడిపించుకుపోతాను."

"మూత ఇచ్చాం కదా నీకు. ఇంకా ఆశ తీరలేదా?"

జ్ఞానశేఖర్ గంప కింద పెట్టాడు.

"పోనీ లోపల కూచుని పట్టుకోనా?"

"నువ్వు లోపల కూచుంటే పగలనివి కూడా పగులుతాయి. వెనకాల రా. దూరంగా రా."

తలుపుకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. బండి తోలే మనిషి పర్వతాలు ఎడ్లను తోలుకొచ్చి, మూతి పైకెత్తి కాడికి కట్టాడు. మూతి నడుమెత్తు లేచేసరికి గది వెనక్కి వాలింది. గదితో బాటు అరలూ వాలాయి. లోపల ఏదో నిట్టూర్చింది.

"సారూ, లోపల ఏందో కదులుతుంది" అన్నాడు పర్వతాలు.

"కదలదు. నేను కట్టాను."

"మీరే కట్టిండ్రు గాని, సప్పుడైతే వస్తుంది గద."

"తోలవయ్యా!" అంటూ దేవసహాయం బండి ముందు ఎక్కి కూచున్నాడు.

మొదటి గుంతలో ఒక గిన్నె మోగింది. రెండో గుంతలో అన్నీ మోగాయి. గడియార స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఇత్తడీ ఎనామిలూ రేకు గోడలకు కొట్టుకుని దడదడదడ ఒకటే మోత. నవారు సాగే గుణం ఉన్న వస్తువు. అందుకే దాన్ని మంచాలకు వాడతారు.

"బావా!" వెనక నుంచి జ్ఞానశేఖర్ అరిచాడు. "తెల్ల దుప్పటి కిటికీలోంచి బయటికొచ్చేసింది! ఒక్కసారి ఆపి..."

"నోరు మూసుకుని తొక్కు!"

పోరు ముగిసిందని క్రితం సాయంత్రమే రేడియోలో చెప్పారు. ఇండియా పటాలం ఏ రోడ్డు మీదుగా వస్తుందో తెలియక ఊరంతా పొద్దుటి నుంచి మెడలు చాచుకుని ఉంది. అలాంటి రోజున పటాలం రంగు బండి, మరతుపాకి మోత, కిటికీలోంచి రెపరెపలాడుతూ తెల్లజెండా. ముందు మిఠాయి కొట్టు తలుపులు పడ్డాయి. తర్వాత వీధి మొత్తం తలుపులు పడ్డాయి. ఆ తర్వాత ఒక మేడ మీద నుంచి ఎవరో "జై హింద్!" అన్నారు. పడిన తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి.

"మనోళ్ళొచ్చిండ్రు! ఏ పిల్లా, హారతి పళ్ళెం తే!" అంటూ కమలాబాయి అనే పెద్దావిడ అడ్డం వచ్చింది. దేవసహాయం నోరు తెరిచేలోగా నొసట కుంకుమ పెట్టేసింది. తాతల నాటి నుంచి ప్రొటెస్టెంటు నొసలు అది. తుడుచుకోబోతే బంతిపూల దండ పడింది. ఇంకొకటి పడింది. మూడోది ఎద్దుకు పడింది.

"నేను పటాలం కాదమ్మా! పార్సిల్ ఆఫీసు!"

"ఏ ఆఫీసరైతేంది బిడ్డా, సల్లగుండు."

జనం పర్వతాలును చుట్టుకున్నారు. "బండిల ఏమున్నయే?"

"నాకెర్కలే. సారు తాళమేసి చెవి జేబుల ఏస్కున్నడు. సొంత బామ్మర్దిని సుత ముట్టనియ్యలే."

"గట్లనా! మందుగుండే అయ్యుంటది. జెర దూరం జరుగుండ్రి!"

ఆ మాట స్టేషను అవతల ఉన్న నాకా దాకా బండి కంటే ముందే చేరింది. వచ్చే పోయే సరుకు మీద పన్ను వసూలు చేసే చౌకీ అది. అక్కడి జవాను రెండు చేతులా తుపాకి ఎత్తి పట్టుకుని, రోడ్డు మధ్య మోకాళ్ళ మీద ఉన్నాడు.

"హుజూర్, గరీబోణ్ణి. పిల్లలున్నరు. ఈ తుపాకి ఎన్నడు పేలలే. తీస్కోండ్రి."

"నాకెందుకయ్యా నీ తుపాకి?"

"అట్లనొద్దు హుజూర్! తీస్కోకుంటే నన్నేం జేస్తరోనని పరేషానున్న!" అని ఏడుస్తూ దాన్ని దేవసహాయం ఒళ్ళో పెట్టి, కాళ్ళు మొక్కి, చౌకీ వదిలి ఇంటికి పోయాడు. జనం చప్పట్లు కొట్టారు. తన చేతుల్లో ఒక ప్రభుత్వం కూలుతుంటే దేవసహాయానికి ఒకటే ఆలోచన: కెటిలు.

మెట్టుగూడ మలుపులో డప్పులవాళ్ళు ఎదురొచ్చారు. ఎడ్లు జనాన్ని ఓర్చుకున్నాయి, దండలు ఓర్చుకున్నాయి. డప్పులు ఓర్చుకోలేదు. తోకలు ఎత్తి ఎత్తుబాట వెంట పరుగు అందుకున్నాయి.

"హో! హో! ఆగుండ్రి నాయినా!" అంటూ పర్వతాలు పగ్గాలు లాగాడు.

ఎడ్లు చెవిన పెట్టలేదు. ఎత్తు ఎక్కేకొద్దీ గది ఇంకా వెనక్కి వాలింది. ముడి విడలేదు. అది దేవసహాయం ముడి. నవారే తెగింది. ప్రేమమణి గుమ్మం ముందు, ప్రార్థనకు ఒక పూట ముందుగా వచ్చి గొడుగుతో నిలబడ్డ పాస్టరు సామ్యూల్ గారి ఎదుట, లోపలి సామాను మొత్తం తలుపును తోసుకుని, తాళంతో సహా వీధిలోకి దూకింది.

చాలాసేపు ఒక ఎనామిల్ పళ్ళెం మాత్రం గుండ్రంగా తిరుగుతూ మోగింది. తర్వాత అదీ ఆగింది.

నొసట కుంకుమ, మెడలో బంతిపూలు, ఒళ్ళో తుపాకి. దేవసహాయం దిగాడు. పాస్టరు గారు ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, మళ్ళీ కుంకుమ దగ్గర ఆగారు.

"ఎప్పటి నుంచి, దేవసహాయం గారూ?" అన్నారు మెల్లిగా.

ఆయన అప్పటికే మోకాళ్ళ మీద కూచుని పింగాణీ ముక్కలు ఏరుతున్నాడు. కప్పు ఒక్కటి మిగల్లేదు. కెటిల్ ముక్కు ఒకచోట, పిడి ఒకచోట ఉన్నాయి. సువార్త అడిగింది ఒక్కటే. మనవరాలు లోపల ఏడుస్తోంది.

జ్ఞానశేఖర్ సైకిలు పడేసి వచ్చాడు. ఉన్ని డబ్బా మూత ఊడి బోర్లా పడి ఉంది. ఎత్తాడు. నీలం ఉన్ని, అల్లడం సగంలో ఆపిన పసిబిడ్డ మేజోడు. ఆ మేజోడులో ఏదో బరువుగా ఉంది. తీశాడు.

పింగాణీ మూత. అంచు మీద గీత కూడా లేదు.

"బావా" అన్నాడు. మూతను అరచేతిలో పెట్టి చూపించాడు.

ప్రేమమణి బిడ్డను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి చూసింది. "అయ్యో, అమ్మ ఎప్పుడూ అందులోనే దాచేది కదా నాన్నా! నువ్వు మూత పెడితే ఇల్లదిరేలా పెడతావని, చుట్టాలొచ్చినప్పుడు మాత్రం తీసేది. నీకు తెలుసనుకున్నాను."

గుమిగూడిన జనంలో కొందరు దగ్గారు. పాస్టరు గారు ముక్కలను చూసి, "అయ్యో, అంత మంచి సెట్టు! సామాను కట్టిందెవరు?" అని అడిగారు.

దేవసహాయం ఇంకో ముక్క ఏరాడు.

"నేనేనండీ అయ్యగారూ" అన్నాడు జ్ఞానశేఖర్.

పాస్టరు గారు తల ఆడించారు. దేవసహాయం ఆ మాటను ఖండించలేదు. నాలుగేళ్ళుగా నేరాలు మోసిన భుజం అది, ఇంకొకటి ఎక్కితే కుంగదనుకున్నాడు కాబోలు. ఏరిన ముక్కలు తువ్వాల్లో కట్టుకున్నాడు. మూత మాత్రం అడగలేకపోయాడు. జ్ఞానశేఖరే తెచ్చి ఆయన జేబులో వేశాడు, తాళంచెవి పక్కన.

సాయంత్రం ఎనామిల్ గ్లాసుల్లో టీ ఇచ్చారు. బిడ్డకు సువార్త అని పేరు పెట్టారు. పెరట్లో ఎడ్లను విప్పి, మూతి దించి రాయి మీద పెట్టాక, దేవసహాయం ఖాళీ గదిలోకి వెళ్ళి అరల మీద రసమట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, మూతి కింది రాయికేసి చూశాడు. రసమట్టాన్ని కిటికీలోంచి విసిరేశాడు.

జ్ఞానశేఖర్ గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డాడు. "బావా, ఆ మూత సంగతి..."

"ఏ మూత?" అన్నాడు దేవసహాయం. "ఆ మాట ఇక నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు. మనవరాలు పెద్దదై అడిగినా ఎత్తలేదు. ఆయన జారకుండా బిగించగలిగింది తన నోరొక్కటే.