మంత్రిగారు గుండు చేయించుకున్నారు

"పిల్లల క్యాన్సర్ పరిశోధన కోసం గౌరవ మంత్రివర్యులు ఆదివారం బస్సు డిపో ఆవరణలో తమ అమూల్యమైన జుట్టును త్యాగం చేశారు. కత్తెర పడిన ప్రతిసారీ చప్పట్లు మిన్నంటాయి. తల్లులు కంటతడి పెట్టారు. మంత్రివర్యులు మాత్రం చిరునవ్వు చెరగనివ్వలేదు."

ఈ ప్రకటన తయారైంది శుక్రవారం మధ్యాహ్నం, భోజనానికి ముందు.

ఇందులో మోసమేమీ లేదు. మంత్రిగారి పీఏ కామా పదకొండేళ్లుగా ఇలాగే పని చేస్తున్నాడు. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు రాసి రెండు రోజుల ముందే పత్రికలకు పంపేస్తాడు. తర్వాత జరగాల్సినవన్నీ ఆ కాగితం చూసుకుని జరుగుతాయి. ఇన్నేళ్లలో తేడా వచ్చింది ఒక్కసారే. "మండుటెండను లెక్కచేయకుండా" అని రాసిన రోజున వాన పడింది. ఆ తప్పు వానదేనని కామా ఇప్పటికీ నమ్ముతాడు.

కామా అతని అసలు పేరు కాదు. మంత్రిగారు మాట మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకున్నా అక్కడ "అవునండి" అంటాడని ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. అతను దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

ఈసారి చిక్కేమిటంటే, జరగబోయే త్యాగం గురించి మంత్రిగారికి తెలియదు.

దీనికంతటికీ మూలం కామా అక్క. ఆవిడకు మూడు కుట్టుమిషన్ల టైలరింగ్ షాపు ఉంది. ఎనిమిదేళ్ల మనవరాలికి బ్లడ్ క్యాన్సర్, రెండేళ్లుగా చికిత్స నడుస్తోంది. ఆసుపత్రి వెనకే చిన్న పరిశోధన కేంద్రం. ఆరేళ్లలో రెండు వందల పన్నెండు మంది పిల్లల దగ్గర తీసుకున్న రక్తం నమూనాలు అక్కడ దాచారు. వాటిని గడ్డకట్టించి ఉంచే పెద్ద ఫ్రిజ్ పాడైంది. పక్క కాలేజీవాళ్లు తమ ఫ్రిజ్‌లో చోటిచ్చారు గానీ, ముప్పయ్యో తారీఖు వరకే. ఆలోగా కొత్తది రాకపోతే ఆరేళ్ల పని మురికికాలవ పాలు.

అక్క గుండీల డబ్బాల పక్కన ఒక చందా డబ్బా పెట్టింది. మెకానిక్కులు వేశారు, బడిపిల్లలు వేశారు, రవికలు కుట్టించుకునేవాళ్లు వేశారు. ఆదివారం నలభైమంది డిపో దగ్గర గుండు చేయించుకోవడానికి, వాళ్ల పేరు మీద చుట్టాలూ స్నేహితులూ చందా ఇవ్వడానికి ఒప్పందమైంది. అయినా ఫ్రిజ్ ధరకు పావువంతు తక్కువ.

డిపో యూనియన్ నాయకుడు మీసాలాయన మీసం దువ్వుకుని చెప్పాడు. "మీ తమ్ముడు కొలువు చేసే మంత్రి గుండు కొట్టించుకుంటే డిపో మొత్తం ఒక రోజు జీతం ఇస్తాం. కానీ గుండు మా కళ్లతో చూడాలి. పేపర్లో కాదు."

అక్క ఇంట్లో కుర్చీ దొరికితే చాలు కామాకు నోరు ఆగదు. "నేను రాస్తే ఆయన చేస్తాడక్కా," అన్నాడు.

"గ్యాస్ బండ బుక్ చేయరా అంటే నెల పట్టింది నీకు."

"అది నేను చేయాల్సింది. ఇది ఆయన చేయాల్సింది."

అలా శుక్రవారం ప్రకటన తయారైంది. మంత్రిగారు అలవాటు ప్రకారం చదవకుండా సంతకం పెట్టారు. సోమవారం వేయాల్సిన వార్తను ఒక పత్రిక ఉత్సాహం పట్టలేక శనివారమే వేసేసింది. మంత్రిగారు కాఫీ తాగుతూ తనకు గుండైందని చదివారు. వెంటనే తల తడుముకుని చూసుకున్నారు.

"ఏమయ్యా, నాకు గుండు ఎప్పుడైంది?"

"రేపండి."

"నాకు చెప్పొద్దా?"

"తమరు సంతకం పెట్టారండి."

"సంతకానికీ నాకూ ఏం సంబంధం?" మంత్రిగారు అద్దం వైపు తిరిగారు. "ఎన్నికల పోస్టర్లు పన్నెండు వేలు అచ్చయ్యాయి. అన్నింట్లోనూ జుట్టుంది. ఖండన రాయి."

"రాస్తే, పిల్లల కంటే జుట్టే ఎక్కువన్నట్టు వస్తుందండి."

"ఎక్కువని కాదయ్యా. జుట్టు నాతో మొదటి నుంచీ ఉంది." కాసేపు ఆలోచించి హుకుం జారీ చేశారు. "వార్త నిజం కావాలి. జుట్టు ఉండాలి. ఆ రెండూ నువ్వు చూసుకో."

కామా చూసుకున్నాడు. నాటకాలకు వేషాలు వేసే మేకప్ మనిషిని పట్టుకొచ్చాడు. ఆయన దగ్గర రబ్బరు గుండు ఉంది. జుట్టు మీద తొడిగి అంచులకు జిగురు రాసి రంగు పూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. తన బుర్రకు తనే మురిసిపోయాడు కామా. అంతకుముందు కూడా చాలాసార్లు ఇలాగే మురిసిపోయాడు. ఏ ఒక్కసారీ కలిసిరాలేదు.

ఆదివారం డిపో దగ్గర నాలుగు కుర్చీల్లో మంగలివాళ్లు చకచకా పని కానిస్తున్నారు. అక్క కామాను రెక్క పట్టుకుని లాగింది.

"నీ మంత్రి సంగతి తర్వాత. ముందు నువ్వు కూర్చో."

"ఆఫీసులో నాకో పరువు ఉందక్కా."

"అది జుట్టులో ఉందని నాకు తెలీదురా."

నెలనెలా నలుపు వేసుకుని కాపాడుకున్న జుట్టు మూడు నిమిషాల్లో నేల మీదుంది. చప్పట్లు మిన్నంటలేదు. ఎవరూ కంటతడి పెట్టలేదు, కామా తప్ప.

మంత్రిగారు టోపీతో దిగారు. "ఆర్భాటం ఇష్టం లేక ఇంట్లోనే చేయించుకున్నారు," అని కామా మైకులో చెప్పాడు. టోపీ తీయగానే గుండు తళతళలాడింది. జనం నివ్వెరపోయారు. మీసాలాయన కూడా మీసం దువ్వడం ఆపి, "మాటంటే మాటే. బుధవారం జీతాలు, ఆ రోజే ఇచ్చేస్తాం," అన్నాడు.

మనవరాలు కామా చొక్కా పట్టి లాగింది. "తాతయ్యా, మీ మంత్రి మొహానికి చెమట పడుతోంది. గుండుకి పట్టట్లేదు."

"మంత్రులకు అంతేనమ్మా."

"నాకు రెండేళ్లుగా గుండు. నాకు తెలీదా?"

కామా గొంతు తగ్గించాడు. "ఎవరికైనా చెబుతావా?"

"ఫ్రిజ్ వచ్చేదాకా చెప్పను."

సాయంత్రం రబ్బరు తీశారు. జిగురు మంచి రకం. రబ్బరు వచ్చింది, దానితో పాటు జుట్టూ వచ్చింది. అక్కడక్కడా నాలుగు పోచలు మిగిలాయి. మంత్రిగారు ఊడినదంతా ఏరించి ఒక కవరులో వేయించి జేబులో పెట్టుకున్నారు. మేకప్ మనిషే ఒక విగ్గు ఇచ్చి వెళ్లాడు, వేరే లెక్కలో.

సోమవారం బస్ షెల్టర్ ప్రారంభానికి మంత్రిగారు నిండైన క్రాపుతో వచ్చారు. విలేకరి అడిగాడు. "నిన్న గుండు. ఇవాళ జుట్టు. ఎలా సార్?"

మంత్రిగారు ఊపిరి తీసుకున్నారు. అక్కడ అవునండి అనడం అలవాటైన కామా నోటి నుంచి ఈసారి వేరే మాట వచ్చింది. "పరిశోధన ఫలితమండి."

వెనక నుంచి మీసాలాయన అన్నాడు. "పరిశోధన తర్వాత. అసలు గుండు నిజమైతే చూపించమనండి. లేకపోతే డిపో నుంచి పైసా రాదు."

గుండు అబద్ధమైన రోజున అందరూ నమ్మారు. ఇప్పుడది నిజం, మంత్రిగారు విగ్గు తీయరు గనక చూపించే దారి లేదు. కామా అక్క షాపుకు వెళ్లి నిలబడ్డాడు. అక్క తిట్టలేదు. మిషను తొక్కుతూ, "ముప్పయ్యో తారీఖు శుక్రవారంరా," అంది అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మంగళవారం పొద్దున్నే మంత్రిగారి ఫోను. గొంతులో కొత్త ఊపు.

"ఏమయ్యా, పరిశోధన ఇంత బాగా సాగుతుంటే నాకు చెప్పవేం? ఒక్క రోజులో జుట్టు మొలిపించారట."

"అది మనమే చెప్పామండి."

"పేపర్లో వచ్చిందయ్యా. రేపు నాకు టైము తీసుకో. ఎవరికీ తెలియకూడదు."

పదకొండేళ్లలో మొదటిసారి కామా ముందుగా ఏమీ రాయలేదు. మీసాలాయనకు ఒక ఫోను మాత్రం చేశాడు.

బుధవారం పరిశోధన కేంద్రం వరండాలో రెండు బల్లల నిండా గుండ్లు. డిపో డ్రైవర్లు, కండక్టర్లు, చివర మీసాలాయన. తువ్వాలు కప్పుకుని వచ్చిన మంత్రిగారు ఆగిపోయారు. ఓటర్ల మొహాలు గుర్తుపెట్టుకునే అలవాటు ఆయనకు లేదు.

"వీళ్లెవరయ్యా?"

"మీలాంటివాళ్లేనండి. ముందే వచ్చారు."

మంత్రిగారి మనసు కరిగింది. ఇంతమంది తోటి బాధితుల మధ్య దాపరికం దేనికని విగ్గు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మీసాలాయన లేచి చుట్టూ తిరిగి చూశాడు. ఒక పోచ లాగి కూడా చూశాడు.

"గుండు నిజమే. పనితనమే నాసిరకం," అని, లోపలి నుంచి వచ్చిన కేంద్రం డాక్టరమ్మ చేతిలో లావుపాటి కవరు పెట్టి వెళ్లిపోయాడు.

"ఫీజు ఎక్కువే తీసుకుంటున్నారు," అన్నారు మంత్రిగారు, గౌరవంగా.

డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. "ఇక్కడ జుట్టు మొలిపించమండి. పిల్లల రక్తం మీద పని చేస్తాం."

మంత్రిగారు కామా చెవిలో, "రహస్యంగా ఉంచుతున్నారు. మంచి పద్ధతి," అన్నారు.

గురువారం, ఒక్క రోజు గడువు ఉందనగా, ఫ్రిజ్ దిగింది. మంత్రిగారే వచ్చి రిబ్బను కత్తిరించారు. రెండు వందల పన్నెండు మంది పిల్లల నమూనాలు ఒక్కో అరలో సర్దుతుంటే ఓపిగ్గా నిలబడి, ఆఖరున జేబులోంచి కవరు తీశారు.

"ఇది పై అరలో పెట్టండి. మూలం ఉంటే త్వరగా మొలుస్తుంది."

డాక్టరమ్మ కామా వైపు చూసింది. కామా అక్క వైపు చూశాడు. అక్క కవరు అందుకుని, "నేను పెట్టిస్తానండి," అంది.

కారు గేటు దాటాక ఆ కవరు షాపుకు చేరింది. సూదులు గుచ్చుకునే చిన్న దిండు ఎప్పటి నుంచో మెత్తదనం పోయి ఉంది. అక్క విప్పి, మంత్రిగారిని కూరి, మళ్లీ కుట్టేసింది. లోపల జుట్టుంటే సూదులకు తుప్పు పట్టదట. మనవరాలు మొదటి సూది గుచ్చింది.

ఇప్పుడు ప్రతి సోమవారం మంత్రిగారి ఫోను వస్తుంది.

"ఏమయ్యా, ఏమైనా కదలిక ఉందా?"

కామా షాపులో స్టూలు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న సూదుల దిండును చూస్తూ, తన తల ఒకసారి తడుముకుంటాడు. అబద్ధం చెప్పడం అతనికి ఎప్పుడూ నచ్చదు.

"అర అంగుళం వచ్చిందండి."

"శభాష్. ప్రకటన రాసెయ్."