గేదెల బందలో పోర్టు సర్వే

ఆ ఆదివారం పొద్దున సీతారామాంజనేయులు పెట్టుకున్న పని చిన్నదే. మధురవాడ దాటాక కొత్తగా కొన్న పొలంలో ఒక పాత చెరువుంది. అందులో నీరెంతో, పూడికెంతో చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయాలి. మామూలు మనిషైతే ఒక వెదురుకర్ర ముంచి చూసి ఊరుకునేవాడు. ఈయన పోర్టులో ఓడల దారి లోతు కొలిచే సర్వే లాంచీ మీద ఉద్యోగం చేసే మనిషి. కర్ర ముంచడం ఆయన హోదాకు తక్కువ.

ఈ చెరువు మీద ఇంట్లో పెద్ద పందెమే నడుస్తోంది. భార్య గంగాభవానికి మధురవాడలో ఫ్లాటు కావాలి. ఆయనకు కోనసీమలో చిన్నప్పుడు ఈతలు కొట్టిన చెరువులాంటిది తనదంటూ ఒకటి కావాలి. అందులో కొర్రమేనులు పెంచాలి, రిటైరయ్యాక లుంగీ కట్టుకుని గట్టు మీద కూర్చోవాలి. నవ్వులాట కాదు, ఆ కోరిక ఆయనకు ప్రాణం. వానల్లోపు చెరువు బాగుచేసి చూపిస్తానని, లేకపోతే పొలం అమ్మేసి ఫ్లాటే కొంటానని మాటిచ్చాడు. ఆవిడ ఆ మాట దేవుడి పటం ముందు ఇంకోసారి చెప్పించుకుంది.

సాయానికి యారాడ నుంచి, ఆయన్ని బావా అని పిలిచే పాత స్నేహితుడు తాతబాబు వచ్చాడు. సముద్రం మీద వేటాడేవాడు, తన తెప్పను వ్యానులో వేసుకొచ్చాడు. ఇద్దరూ సీసం గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదులుతూ, పూడిక ఎక్కువున్న చోటల్లా గెడ పాతి ఎర్రగుడ్డ కట్టారు. సీతారామాంజనేయులు యూనియన్‌లో సహాయ కార్యదర్శి కూడా కాబట్టి ఇంట్లో ఎర్రగుడ్డకు కొదవలేదు. పాతబట్టలు కదా అని వేసుకొచ్చింది పోర్టు ఖాకీ యూనిఫారం. కాసేపటికి ఇద్దరిలో ఎవరు ఎవరో పోల్చుకోలేనంత బురద పట్టింది.

గేదెల్ని తోలుకొచ్చిన పోతమ్మ గట్టు మీద ఆగిపోయింది. ఆ చెరువును ఊళ్లోవాళ్లు బంద అంటారు. ఊరి గేదెలన్నీ ఎప్పట్నుంచో అందులోనే పడుకుంటాయి. పొలాన్ని ఎవరో పట్నం ఆసామి కొన్నాడని విన్నారుగానీ, ఆయన ముఖం ఇంకా ఎవరూ చూడలేదు.

"ఏటి సేత్తన్నారు బాబూ?" అని అడిగింది పోతమ్మ.

"లోతు సూత్తన్నాం. ఈ బాబుది పోర్టు," అని ఉన్నమాటే చెప్పాడు తాతబాబు.

పోతమ్మ గేదెల్ని వదిలేసి ఊళ్లోకి నడిచింది. పోర్టువాళ్లు బంద లోతు చూస్తున్నారని చెప్పింది. ఆ మాట టీ బడ్డీ దగ్గరికొచ్చేసరికి పోర్టు బందను తీసేసుకుంటోంది. రేషను షాపు దగ్గర బందతోపాటు ఊరు కూడా పోయింది. సముద్రానికీ ఊరికీ మధ్య కొండ ఉంది కదా అని ఒకాయన గుర్తుచేస్తే, కొండను ఎప్పుడు తవ్వుతారన్న దాని మీద చర్చ మొదలైంది. ఎవరిదో పెళ్లికని తెప్పించిన షామియానానూ మైకునూ సర్పంచి కొండలరావు గట్టు మీదికి పంపేశాడు. కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి పెట్టారు.

ఆ సమయానికి సీతారామాంజనేయులు దూరంగా పంపుసెట్టు కింద స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, ఎంతకీ ఇంటికి రాలేదని గంగాభవాని ఆటోలో తెచ్చిన క్యారేజీ ఖాళీ చేస్తున్నాడు. తాతబాబు కూడా బురద కడుక్కుని, తినేసి వ్యానులో నిద్రపోయాడు. భార్యాభర్తలు గట్టు మీదికొచ్చేసరికి అక్కడ జనం.

పోర్టువాళ్లు బందను లాక్కుంటున్నారని ఎవరో చెప్పారు. సీతారామాంజనేయులుకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు చాకిరీ చేయించుకున్న పోర్టు ఆఖరికి తన చెరువు మీదే పడిందా? ఆ పొలం నాదే అని చెప్పబోయాడు. అంతలో తెల్లచొక్కా చూసి నాయకుడనుకుని ఎవరో చేతిలో మైకు పెట్టారు. మైకు పట్టుకున్నాక ఆయనకు యూనియన్ భాష తప్ప ఇంకోటి రాదు.

"ఈ నీళ్లు ఏ ఒక్కడి సొత్తూ కాదు. ఇవి మీవి, మీ గేదెలవి. డబ్బుంది కదా అని కొనుక్కున్నవాడెవడైనా సరే, ఈ గట్టెక్కే ముందు నాతో మాట్లాడాలి."

చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది గంగాభవాని.

ఎడ్లబండి దగ్గర ఎమ్మార్వో జీపు ఆగిపోయింది. ఆయన ఏదో పెళ్లికి వెళ్తున్నాడు. బందను ఎవరూ తీసుకోవడం లేదు మొర్రో అని ఆయన మొత్తుకున్నా సీతారామాంజనేయులు వదల్లేదు. మైకులో చెప్పాల్సిందే అన్నాడు. చెబితే, అందులో 'ఎప్పటికీ' అన్న మాట లేదని పట్టుబట్టి మళ్లీ చెప్పించాడు.

"ఈ బంద ఊరిదే. ఎప్పటికీ ఊరిదే. పోర్టుకే కాదు, ఎవరికీ ఇచ్చేది లేదు. ఇక బండి తియ్యండి," అన్నాడు ఎమ్మార్వో చెమట తుడుచుకుంటూ.

సీతారామాంజనేయులు మెడలో బంతిపూల దండ పడింది. పోతమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "నీ కడుపు సల్లగుండ బాబూ. ఇప్పుడా కొన్నోడి మొకం ఎలాగుంటదో సూడాలనుంది."

ఆ ముఖం ఆమెకు జానెడు దూరంలోనే ఉంది. చప్పట్లకు నిద్రలేచిన తాతబాబు కళ్లు నులుముకుంటూ వచ్చి, సంగతంతా విని, ఆయన్ని పక్కకు లాగాడు. "బావా, ఈళ్లు సెప్తన్న పోర్టోళ్లు మనమే. మరిప్పుడు మన బందేది?"

సీతారామాంజనేయులు చెరువు వైపు చూశాడు. ఎర్రగుడ్డల మధ్య గేదెలు హాయిగా పడుకుని ఉన్నాయి. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని కొండలరావు దగ్గరికి వెళితే, ఆయన అప్పటికే బంద పరిరక్షణ సమితి పెట్టేసి, ఈయన్ని అధ్యక్షుణ్ణి చేసేశాడు. పోర్టువాళ్లు ఎలాగూ గుర్తులు పెట్టిపోయారు కాబట్టి, ఊరంతా కలిసి అక్కడే పూడిక తీస్తుందట. గేదెలు రావడానికి పొలం మధ్యలోంచి దారి కావాలి. దానికి ఆసామిని ఒప్పించే బాధ్యత అధ్యక్షులవారిదట.

దండతోనే వ్యానెక్కాడు సీతారామాంజనేయులు. గంగాభవాని పక్కన సర్దుకుని కూర్చుంది. "మూడో అంతస్తు తీసుకుందామండీ. గాలి బాగా వస్తుంది."

వ్యాను కదులుతుండగా కొండలరావు పరుగెత్తుకొచ్చి, చెప్పడం మరిచిపోయిన సంగతి ఒకటి చెప్పాడు. పొలం ఆసామి మొండికేస్తే ఆయన ఇంటిముందు ఆమరణ దీక్షకు కూర్చోవలసింది కూడా అధ్యక్షుడేనని సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది.