లోపలి గడియ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న హోం ఉండేది. అడవి ఎంత పెద్దదైనా, బుద్ధి నిదానంగా నడిచే జంతువులకి అందులో చోటు లేదని పెద్దలు తీర్మానించారు. వాటికోసం వెదురు తడికలతో ఆరు గదులు కట్టించి, "చల్లని ఒడి" అని బోర్డు తగిలించి, ఆ పుణ్యంతో హాయిగా నిద్రపోయారు. లోపల ఉండేవాళ్లు ఆరుగురు. ఆరుగురూ పెళ్లీడు దాటినవాళ్లే. అయినా అందరూ వాళ్లని "పిల్లలు" అనేవారు.

ఆ హోంకి కార్యదర్శి కొంగ కరుణాకరం. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నాడంటే చూసినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపించేది. చేపలకి మాత్రం అలా అనిపించేది కాదు.

ఆ ఆరుగురిలో ఒకడు ఎలుగుబంటి గంగులు. వయసు ముప్ఫై నాలుగు. ప్రశ్న వేస్తే జవాబు రావడానికి అతనికి కాస్త సేపు పట్టేది. వచ్చిన జవాబు మాత్రం సరిగ్గానే ఉండేది. అంతసేపు ఆగే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి గంగులుకి తెలివి లేదని తేల్చేశారు.

ఆదివారం వస్తే హోంకి దాతలు వచ్చేవారు. తమ పిల్లల పుట్టినరోజులు అక్కడ చేసుకోవడం అడవిలో కొత్త ఆచారం. ఒకే అరటిపండుని ఏడుగురు పట్టుకుని గంగులుకి ఇస్తున్నట్టు ఫోటో దిగేవారు. ఫోటో అవగానే ఆ పండు పక్కవాడి ఫోటోకి వెళ్లిపోయేది. గంగులు పుట్టినరోజు ఎప్పుడని అడిగినవాడు లేడు.

ఫోటోల తర్వాత హోం చూపించే కార్యక్రమం. వంటిల్లు, పడక గదులు, స్నానాల గది. ఆ స్నానాల గది తలుపుకి గడియ బయటే ఉంది, లోపల లేదు. "స్నాన సమయంలో తలుపు తెరిచే ఉంచవలెను, భద్రత" అని గోడ మీద రాసి, కింద కరుణాకరం సంతకం పెట్టాడు.

ఒక ఆదివారం నెమలి మకరందరావుగారు కుటుంబంతో వచ్చే వేళకి గంగులు ఒంటినిండా సబ్బు నురగతో ఉన్నాడు.

"ఇతను గంగులండీ, మా పెద్దబాబు. వీపు రుద్దితే నవ్వుతాడు," అని కొంగ పరిచయం చేశాడు.

నెమలి పిల్లలు కిసుక్కుమన్నాయి. గంగులు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు! ఈ ముక్క రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది.

ఆ సాయంత్రం గంగులు ఆఫీసు గదికి వెళ్లాడు. "కార్యదర్శిగారండీ, తానాల గదికి లోపల గడియ పెట్టించండి."

"లోపల వేసుకుని పడిపోతే? మాకు మాట రాదూ?"

"పడిపోనండి."

"పడిపోవని ఏమిటి నమ్మకం?"

గంగులు ఆలోచించాడు. అతను ఆలోచిస్తూ ఉండగానే కొంగ భోజనానికి వెళ్లిపోయాడు.

గంగులు మళ్లీ నెలా అడిగాడు, ఆపై నెలా అడిగాడు. రిజిస్టరులో కొంగ ఇలా రాశాడు: "గంగులు ఆనందముగా ఉన్నాడు. తలుపుల పట్ల ఆసక్తి కనబరచుచున్నాడు. చక్కటి ప్రగతి."

ఇలా నడుస్తుండగా అడవి సభ నుంచి తాఖీదు వచ్చింది. తనిఖీకి ఉడుము తాయారు మేడం వస్తోంది. ఈసారి కొత్త నిబంధన: సిబ్బందిని ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు, లోపల ఉండేవాళ్లనే అడగాలి.

కొంగ వెంటనే సిబ్బందిని పిలిచాడు. "ఆ గంగులుని అడిగితే గడియ గోల ఎత్తుతాడు. మన పరువు గంగలో కలుస్తుంది."

ఆయాల పెద్ద ముంగిస నాంచారి అంది, "వాళ్లకి మాటలు నేర్పిద్దామా అయ్యగారూ?"

"ఎందుకూ? మాట్లాడాల్సింది వాళ్లే అయితే, ఆ వాళ్లేదో మనమే అయిపోదాం. ఆ మేడం మన మొహాలు ఎరగదు."

అందరూ ఆహా అన్నారు. తనిఖీ నాడు పొద్దున్నే బట్టలు మార్చారు. పిల్లల గళ్ల చొక్కాలు సిబ్బంది ఆరుగురూ వేసుకున్నారు. సిబ్బంది పచ్చ కోట్లు గంగులు వాళ్లకి తొడిగి, చేతికి చీపురో చెంబో ఇచ్చి, నోరు విప్పొద్దని చెప్పారు. ఎలాగూ హోం మెరిసిపోతుంది కదా అని మకరందరావుగారిని కూడా కుటుంబసమేతంగా పిలిచాడు కొంగ. పేరాశ అంటే అదే.

ఉడుము వచ్చింది. చేతిలో ముప్ఫై ప్రశ్నల ఫారం ఉంది. ఉడుము పట్టు సంగతి తెలిసిందే, ఫారంలో ఒక్క గడి ఖాళీ ఉన్నా కదలదు.

ముందు నాంచారిని అడిగింది. పిల్లలంటే ఎలా ఉంటారని నాంచారి ఇన్నేళ్లూ అనుకుందో అలా నటించింది. చొంగ కార్చింది, నేల మీద పొర్లింది, పచ్చ కోటు తొడుక్కుని చీపురు పట్టుకుని నిలబడ్డ తాబేలు కాలు కొరికింది. తాబేలు నాంచారి మూతి తుడిచి, లేవదీసి కూర్చోబెట్టింది.

"ఈమెకి ఇరవై నాలుగ్గంటలూ మనిషి తోడుండాలి," అని ఉడుము రాసుకుంది. "సిబ్బంది ఓర్పు అమోఘం."

తర్వాత కొంగ వంతు. "నీ పేరేంటి బాబూ?"

"కొంగన్నండీ. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నానండీ. ఇక్కడ మాకు పోషకాహారం, వ్యక్తిగత శ్రద్ధ, సర్వతోముఖాభివృద్ధి..."

"ఇక్కడి నియమాలన్నీ నీకు ఇష్టమేనా?"

"ప్రాణమండీ!"

"అయితే ఇక్కడ సంతకం పెట్టు." కొంగ సంతోషంగా పెట్టాడు.

ఉడుము గోడ మీది టైంటేబులు చూసింది. "నాలుగు గంటలకి స్నానం. స్నానం చేయించే పద్ధతి చూడాలి. పద, నీతోనే మొదలుపెడదాం. ఏమయ్యా పచ్చకోటూ, తీసుకెళ్లు."

పచ్చకోటు అంటే గంగులు. కొంగ వద్దనబోయాడు గానీ, ఇప్పుడే ప్రాణమన్నాడు కదా! గంగులు నీళ్లు తోడాడు, వేడి చూశాడు, కొంగ చొక్కా విప్పి మడతపెట్టాడు. రెండు చెంబులు పోసేసరికి ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయి, కార్యదర్శిగారు రెండు పుల్లల మీద నిలబెట్టిన తడిగుడ్డలా తయారయ్యాడు.

సరిగ్గా అప్పుడే నెమలి కుటుంబం దిగింది. పుట్టినరోజు కేకు, అరటిపండు, ఫోటోగ్రాఫరు, అందరూ తిన్నగా స్నానాల గదికే వచ్చారు, ప్రతిసారీ చూపించేది అదే కదా. నెమలి పిల్లలు కిసుక్కుమన్నాయి.

"తలుపు! తలుపు వెయ్యండి!" అని కొంగ అరిచాడు.

ఉడుము గోడ వంక చూసింది. "తలుపు తెరిచే ఉంచాలి బాబూ. భద్రత. కరుణాకరంగారు సంతకం పెట్టారు."

"ఆ కరుణాకరాన్ని నేనే!"

"అలాగే నాన్నా, నువ్వే."

"సిగ్గేస్తోందండీ! నేను పెద్దవాణ్ణి!"

"పిల్లలు ఇలాగే అంటుంటారు," అని, తడిసిన కొంగని పోల్చుకోలేక, మకరందరావుగారు ఉడుముకి నచ్చజెప్పాడు. ఫోటోగ్రాఫరు ముందుకు వంగాడు. కొంగ రెండు రెక్కలూ అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు.

నిజం చెప్పొద్దూ, నాకైతే జాలి కలగలేదు. ఫోటోగ్రాఫరుకి ఇంకాస్త జరగమని చెప్పాలనిపించింది.

కానీ గంగులు నాలాంటివాడు కాదు. చెంబు కింద పెట్టాడు. బయటికొచ్చి తలుపు దగ్గరగా లాగి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏమయ్యా, తలుపెందుకు మూశావు?" అంది ఉడుము.

గంగులు ఆలోచించాడు. అందరూ ఆగాల్సి వచ్చింది, ఎలుగుబంటి వీపుని తోసుకుని ఎవరు వెళ్తారు?

"లోపల ఒకాయన తానం చేస్తున్నారండి," అన్నాడు చివరికి.

"నియమం ఉంది కదా?"

"నియమం రాసినాయన ఎప్పుడూ ఇక్కడ తానం చెయ్యలేదండి."

లోపల నుంచి వెక్కిళ్లు వినిపించాయి. ఉడుము ఫారం తిప్పి, వెనకవైపున చాలా రాసింది.

బయటికొచ్చాక కొంగ జరిగిందంతా చెప్పేశాడు. తాను కార్యదర్శినని ఒట్టేశాడు. సాక్ష్యం చెప్పమని నాంచారిని బతిమాలాడు. తనిఖీ అధికారిని మోసం చేస్తే అడవి నుంచి బహిష్కారం. అది గుర్తొచ్చి నాంచారి ఇంకాస్త చొంగ కార్చింది. మిగతా నలుగురూ ఆమె దారే పట్టారు.

వారం తిరక్కుండా సభ ఉత్తర్వు వచ్చింది. "చల్లని ఒడి"కి మొదటి ర్యాంకు. గంగులుకి ఇన్‌చార్జి పదవి. గళ్ల చొక్కాల ఆరుగురినీ అక్కడే శాశ్వతంగా ఉంచాలి. చివర ఒక ప్రత్యేక సూచన: "కొంగన్న తానే కార్యదర్శినని భ్రమపడుచున్నాడు. 'కార్యదర్శిగారూ' అని పిలిచినచో నెమ్మదించును."

అందుకని ఇప్పటికీ అందరూ అతన్ని కార్యదర్శిగారూ అనే పిలుస్తారు. అతను రోజూ ఏవో ఉత్తర్వులు రాస్తాడు. వాటిని మడిచి మంచం కోళ్ల కింద పెడతారు.

గంగులు పదవిలోకి రాగానే వడ్రంగిపిట్టని పిలిపించి అన్ని తలుపులకీ లోపల గడియలు కొట్టించాడు. మొదటిరోజు కొంగ స్నానాల గదిలోకి వెళ్లి, గడియ వేసుకుని, మూడు గంటలసేపు రాలేదు.

"బయటికి లాగమంటావా?" అని అడిగింది నాంచారి, ఆ మధ్య ఆమెకి మాటలొచ్చాయి.

గంగులు ఆలోచించాడు. ఈసారి నాంచారి ఆగింది.

"ఆయన ఇష్టమొచ్చినప్పుడు వస్తాడులే," అన్నాడు గంగులు.

నీతి: పై అధికారికి అర్జీలు పెట్టి లాభం లేదు, ఆయనకి నీళ్లు తోడండి.