మాట వినే ఆటపెట్టె

నర్సంపేటలో ఎవరింట్లోనో టీవీ కింద పెట్టిన ఆటపెట్టె అత్తాకోడళ్ల కొట్లాటంతా విని ఊరంతా చేరవేసిందట. పక్కింటి చిలుకమ్మ ఈ సంగతి పద్మలత చెవిన వేసింది. పద్మలత దాన్ని పొద్దున్నే చాయ్‌తో పాటు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

చంద్రమౌళి చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. హన్మకొండలోని అతని దుకాణంలో వీడియో గేముల పెట్టెలు అటకదాకా పేరుకుపోయాయి. కుర్రాళ్లు వచ్చి ఆడి చూసి పోతున్నారే తప్ప కొనడం లేదు. దసరాకు అవి కదలకపోతే దుకాణం మూసేసి, పరకాలలో తన తమ్ముడు శ్రీకాంత్ ఎరువుల కొట్లో కూర్చోవాలని పద్మలత తేల్చేసింది. బావమరిది కింద పని! అంతకంటే అవమానం ఉందా? అందుకే ఆటల ఊసెత్తకుండా, నోటితో చెబితే టీవీలో సీరియల్ పెట్టే పెట్టె అని వాడకట్టు ఆడవాళ్లకు చూపించాలనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే దుకాణం నుంచి ఒక పెట్టె తెచ్చి టీవీకి తగిలించి, అందరినీ ఇంటికి పిలిచాడు.

“సీరియల్ పెట్టు” అన్నాడు. పెట్టింది. “సప్పుడు తగ్గించు” అన్నాడు. తగ్గించింది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

“గింత మంచిగ ఇంటాందంటే, ఇన్నదంత యాడికో మోస్తాంది” అంది చిలుకమ్మ. “దాని ముంగట ఒక అబద్ధం చెప్త. రేపటిదాక బయటికి పొక్కలేదనుకో, మొదలు నేనే కొంట.”

అందరినీ బయటికి పంపి, తలుపేసుకుని, పెట్టెతో ఏదో గుసగుసలాడి వచ్చింది.

పొద్దుగూకేసరికి పరకాల నుంచి శ్రీకాంత్ ఫోన్. “బావా, దుకాణం ఎత్తేస్తాండవట గద! నువ్వేం ఫికర్ చేయకు. నీకు కుర్సీ తుడిపిచ్చిన.”

చంద్రమౌళి మొదట పెళ్లాన్ని అనుమానంగా చూశాడు. తర్వాత పెట్టెను చూశాడు. తీగ పీకి, దాని మీద దుప్పటి కప్పాడు. అయినా మనసాగక తెల్లారగానే చిలుకమ్మను నిలదీశాడు.

“అక్కా, దానికేం చెప్పినవ్?”

“నువ్వు దుకాణం ఎత్తేస్తాండవని చెప్పిన తమ్మీ.”

“ఇంకెవ్వలకన్న చెప్పినవా?”

“అయ్యో, నేనెందుకు చెప్త? సరస్వతికి, యాకమ్మకు చెప్పిన. పరీక్షకు సాక్షులుండాలె గద!”

అతను తల పట్టుకుని దుకాణానికి పరుగెత్తాడు. షట్టర్ ముందు జనం కిటకిటలాడుతున్నారు. షట్టర్ ఎత్తి, దుకాణం మూయడం లేదని చెప్పబోయి నోరు తెరిచాడు. అప్పుడే పది చేతులు ఒక్కసారిగా ఆటపెట్టెల వైపు చూపించాయి. తెరిచిన నోరు మూసుకున్నాడు.

సందేళకు అటక ఖాళీ. బావను తీసుకుపోదామని బండి మీద వచ్చిన శ్రీకాంత్ కూడా నోరెళ్లబెట్టాడు. చంద్రమౌళి మీసం దువ్వుకుంటూ, ఆఖరి పెట్టె చంకన పెట్టుకున్న రఘునాథపల్లి కట్టమ్మను అతనికి వినబడేలా అడిగాడు.

“పెద్దమ్మా, చెప్పిన మాట ఇంటదనే గద కొన్నవ్?”

“మాట ఇంటే నాకేంది, ఇనకుంటే నాకేంది బిడ్డా? దుకాణం మూస్తాండవు, అగ్గువ ధరకు ఇస్తవని కొన్న. రేపు షట్టర్ తీసినవనుకో, పెట్టె తెచ్చి నీ మొకాన కొడ్త.”