ఎవరిదీ కాని రొట్టె

ఆ శనివారం ఉదయం యూఫేమియా అనుకున్నది చిన్న పనే. పిండి కలిపి, మర్నాడు రొట్టె మీద తమ ఇంటి కోడిపుంజు ముద్ర గుద్ది, వీధి పొయ్యికి పంపి, ఉత్సవానికి వచ్చే అతిథుల చేత శభాష్ అనిపించుకోవాలి.

ఇటలీలోని ఆ మతేరా ఊళ్ళో పాత ఇళ్ళన్నిటికీ ఒక్కో కొయ్యముద్ర ఉంది. వీధి పొయ్యిలో అందరి రొట్టెలూ కలిసి కాలేవి కాబట్టి ఏది ఎవరిదో ఆ ముద్రే చెప్పేది. ఏళ్ళుగా ఆరిపోయి ఉన్న ఆ పొయ్యిని ఉత్సవం కోసం మళ్ళీ వెలిగిస్తున్నారు. కోడిపుంజు ముద్ర యూఫేమియాకు ఆమె అత్తగారిచ్చింది. తర్వాత కోడలికి చెందాలి. కానీ కోడలు నుంజియా పక్క ఊరు అల్తమూరా పిల్ల.

"అల్తమూరా చెయ్యి తగిలితే మా పుంజు కూయడం మానేస్తుంది," అంటుంది యూఫేమియా.

పెళ్ళయి మూడేళ్ళయినా నుంజియాకు పిండి మీద చెయ్యి వేసే హక్కు రాలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న, రొట్టె పొంగడానికి కలిపే పులిపిండి ముద్దను బీరువాలో స్వెటర్ల వెనక దాచి, రోజూ ఇంత పిండీ నీళ్ళూ పోసి బతికించుకుంటోంది. తన స్వెటర్లు పుల్లటి వాసన ఎందుకేస్తాయో ఆమె భర్తకు ఇప్పటికీ తెలియదు. ఆ పొయ్యిలో తన రొట్టె ఒక్కటైనా కాలాలి, అంతే ఆమె కోరిక.

అప్పుడే టీచరమ్మ ఓర్నెల్లా వచ్చింది. ఆ ఏడు మతేరాను ఐరోపా సంస్కృతీ రాజధానిగా ఎంచారు, మర్నాటి ఉత్సవం అందుకే. వీధి కమిటీ ఆవిడదే. చేతిలో కొత్త కొయ్యముద్ర, దాని మీద ఐరోపా జెండాలో లాగా గుండ్రంగా నక్షత్రాలు.

"రేపు అందరి రొట్టెలకీ ఇదే ముద్ర. ముందు మనం ఐరోపా వాళ్ళం, తర్వాత ఇటలీ వాళ్ళం, ఆ తర్వాతే మతేరా వాళ్ళం."

"మరి నా రొట్టె నాదని ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోవడమే ఉత్సవం, యూఫేమియా గారూ!"

ఎదురింటి ఇమ్మకొలాత అప్పటికే ఒప్పుకుందట. ఇక యూఫేమియా కాదంటే పరువు పోతుంది. గిన్నెలు తోముతున్న నుంజియా చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగాయి. ఎవరి ముద్రా లేకపోతే ఎవరి రొట్టైనా ఒకటే కదా! సాయంత్రం అత్తగారు చర్చిలో జపమాల ప్రార్థనకు వెళ్ళగానే బీరువా తెరిచింది.

ఆదివారం వీధిలోని నాలుగిళ్ళ వాళ్ళూ ఒక్కో రొట్టెతో పొయ్యి దగ్గర చేరారు. పొయ్యి చూసుకునే బాటిస్టా అన్నిటి మీదా నక్షత్రాల ముద్ర గుద్దుతుంటే అయిదో రొట్టె కూడా అందింది.

"ఇదెవరిదమ్మా?" అన్నాడు.

"ఐరోపాది," అంది నుంజియా మెల్లగా. అతను దానికీ ముద్ర గుద్ది పొయ్యిలోకి తోశాడు.

యూఫేమియా మాత్రం అతని చేతిలోంచి రొట్టెలు తోసే పార లాక్కున్నంత పని చేసింది. "నాది లోపలి మూలకి తొయ్యి. మా రొట్టె తరతరాలుగా ఆ మూలలోనే కాలింది."

"ఏళ్ళ తర్వాత వెలిగించిన పొయ్యి, అక్కడ మంట ఎక్కువ..."

"నాకు చెప్పొచ్చావా!"

బ్యాండు వాయించారు, అతిథులు వచ్చారు, పొయ్యి తలుపు తీశారు. అన్నిటి మీదా అవే నక్షత్రాలు. మూడు రొట్టెలు మామూలుగా ఉన్నాయి. ఒకటి బంగారంలా పొంగింది. ఒకటి బొగ్గయింది.

"అదుగో నాది!" నాలుగు చేతులు బంగారు రొట్టె మీదే పడ్డాయి.

"నీదా? నీ రొట్టె ఎప్పుడు పొంగింది వదినా, మీ ఆయన పొట్ట తప్ప!" అంది ఇమ్మకొలాత యూఫేమియాతో.

"నీ రొట్టెని మొన్న తలుపుకి అడ్డు పెట్టారుగా, అది పట్టుకో!"

టీచరమ్మ మధ్యలో దూరింది. "అమ్మా, అందరం ఐరోపా..."

"ఐరోపాకి ఆ మాడింది ఇవ్వండి!" అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో. ఆ రోజు వాళ్ళు ఏకమైంది అప్పుడొక్కసారే.

రుచి చూసి తేలుద్దామని బాటిస్టా బంగారు రొట్టె కోశాడు. యూఫేమియా ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "మా అత్తగారి చేతి రుచి! అల్తమూరా వాళ్ళు తలకిందులుగా నిలబడ్డా ఇది రాదు. వాళ్ళ రొట్టె మేకలక్కూడా పెట్టకూడదు."

టీచరమ్మ ఆ మాట అతిథులకు వివరించగానే బల్గేరియా నుంచి వచ్చిన ముసలాయన పకపకా నవ్వి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

టీచరమ్మ ఇబ్బందిగా చెప్పింది. "వాళ్ళ ఊళ్ళో కూడా పక్క ఊరి రొట్టె మేకలక్కూడా పెట్టరట. ఇక్కడికొచ్చాక ఇప్పుడే సొంతింట్లో ఉన్నట్టుందట."

అందరూ నవ్వారు. నుంజియా నవ్వలేదు. ముఖం ఎర్రబడింది.

"అత్తయ్యా, అడుగు తిప్పి చూడండి. మా అమ్మ లాగే నేనూ కింద బొటనవేలు గుచ్చుతాను."

బాటిస్టా తిప్పాడు. గుంట ఉంది. నుంజియా వేలు పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

యూఫేమియా నోట్లో ముక్క ఇంకా ఉంది. ఉమ్మితే ఇమ్మకొలాత చూస్తుంది, మింగితే అల్తమూరా గెలుస్తుంది. కాసేపటికి మింగింది. ఇంకో ముక్క కోసం చెయ్యి చాపింది.

"ఏమే, పులిపిండి ఎక్కడ దాచావు?"

"బీరువాలో, అత్తయ్యా."

"వంటింట్లో పెట్టు. మావాడి స్వెటర్లు కంపు కొడుతున్నాయి." రెండో ముక్క నమిలి, జేబులోంచి కోడిపుంజు ముద్ర తీసి కోడలి అరచేతిలో పెట్టింది. "దీన్ని రోజూ నూనె గుడ్డతో తుడవాలి. ఎండలో పెట్టావంటే ఊరుకోను."

మాడిన రొట్టె తమదని ఎవరూ అనలేదు. ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ అయి ఉంటుందని టీచరమ్మ దాన్ని అద్దాల పెట్టెలో పెట్టించి, కింద 'ఐరోపా రొట్టె' అని రాయించింది.

యూఫేమియా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఏప్రన్ అంచుతో ఆ అద్దం తుడిచి వస్తుంది.