పానకాలు తెచ్చిన ఆకుల కట్ట

ఒక పెద్ద అడవిలో బొరియలకంటే బొరియలు ఇప్పించేవాళ్ళే ఎక్కువ. ఖాళీగా ఉన్న ప్రతి జంతువూ బ్రోకరే. ఖాళీగా లేని జంతువులు కూడా ఆదివారాలు బ్రోకర్లే.

వాళ్ళలో పానకాలు అనే కుందేలు మంచి చురుకైనవాడు. ఎవరైనా ఇల్లు మారుతున్నారని తెలిస్తే చాలు, వాళ్ళ తోక గుమ్మం దాటేలోపు అక్కడ వాలేవాడు. ఈతపొద కింద అతని ఆఫీసు.

తొలకరికి మూడు నాలుగు రోజులుందనగా ఆ ఆఫీసుకి ఇద్దరొచ్చారు.

పొద్దున వచ్చింది మంగతాయారు అనే ముళ్ళపంది. వెనకాల ఇద్దరు పిల్లలు, ఇంకా ముళ్ళు గట్టిపడనివాళ్ళు.

"పానకాలు బాబూ, పోయిన వానకి మా ఇల్లు కూలిపోయింది. పిల్లల్ని పెట్టుకుని చెట్టు మొదట్లో పడుంటున్నా. నీళ్ళెక్కని చోట ఏదో ఒకటి చూడు నాయనా. ఇంకో వాన పడిందంటే వీళ్ళు తట్టుకోలేరు."

"నేనుండగా కంగారెందుకమ్మా?" అన్నాడు పానకాలు.

సాయంత్రం ఒంటినిండా పొలుసులున్న పేరయ్య అనే అలుగు వచ్చాడు. "ఇక్కడి చీమలన్నీ తినేశానోయ్. వాగు అవతలి ఒడ్డుకి పోతున్నా. గట్టు మీద నా బొరియ ఉంది కదా, ఎవరికైనా ఇప్పించు. పిల్లలున్నవాళ్ళైతే మరీ మంచిది."

మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? ఆయన్ని తీసుకెళ్ళి ఆవిడ ముందు నిలబెడతాం. అందుకే మనం బ్రోకర్లం కాలేకపోయాం. ఆ వృత్తికో కట్టుబాటుంది. అమ్మేదెవరో కొనేవాళ్ళకి చెప్పకూడదు. ఇల్లెక్కడో ఆఖరి నిమిషందాకా ఎవరికీ చెప్పకూడదు. చెబితే పార్టీలు డైరెక్టైపోతాయి. 'డైరెక్ట్' అన్న మాట వింటే పానకాలుకి రెండు చెవులూ వాలిపోయేవి.

అయినా మర్నాడు పొద్దున్నే పని ముగిద్దామనే అనుకున్నాడు పాపం. సరిగ్గా అప్పుడే జంబుకేశ్వర్రావు అనే నక్క మెడలో బిళ్ళ వేసుకుని దిగాడు.

"ఏమయ్యా పానకాలూ, ఎన్నాళ్ళిలా ఒక బొరియ, ఒక పార్టీ? ఎదగవా? వెదురుతోపులో 'అఖిల అరణ్య బొరియల సదస్సు' పెడుతున్నాం. మూడు రోజులు. పరిచయాలు పెరుగుతాయి. నీ ఒక్క బొరియకి పది పార్టీలు, నీ ఒక్క పార్టీకి పది బొరియలు!"

"ప్రవేశానికి ఏమైనా ఇవ్వాలాండీ?"

"నీ దగ్గర ఎన్ని చిలగడదుంపలున్నాయి?"

"ఒక బుట్ట."

"అబ్బ, సరిగ్గా అంతే!"

పానకాలు ఈతపొదకి ముల్లుకంప అడ్డం పెట్టి వెళ్ళిపోయాడు.

సదస్సు మహా వైభవంగా మొదలైంది. మిణుగురులతో జ్యోతి ప్రజ్వలన చేశారు. పట్టపగలు కావడంతో అది వెలిగిందో లేదో ఎవరికీ తెలియలేదు గానీ చప్పట్లు మాత్రం కొట్టారు. ముఖ్యవక్త కోయిల. జన్మలో ఒక్క గూడూ కట్టని ఆవిడ 'గూళ్ళ నిర్మాణంలో నాణ్యత' మీద గంటన్నర మాట్లాడింది. కాకి లేచి ఏదో అడగబోతే నక్క భోజనాలకి బెల్లు కొట్టించాడు.

భోజనాల దగ్గరే అసలు సందడి. ప్రతివాడూ మోదుగాకు మీద తన పంజా గుర్తు వేసి ఎదుటివాడి చేతిలో పెడుతున్నాడు. "టచ్‌లో ఉండండి." "తప్పకుండా సార్." మొదటి రోజుకే పానకాలు చంకలో నలభై ఆకులు చేరాయి.

అతను ముంగిసని పక్కకి పిలిచి గుసగుసగా చెప్పాడు: "గట్టు మీద బొరియ. రెండు గుమ్మాలు. నీళ్ళెక్కవు."

"ఎక్కడ?"

"అది మాత్రం అడక్కు అన్నా."

ముంగిస వెళ్ళి ఉడుముకి చెప్పాడు: "కొండవాలున బొరియ. మూడు గుమ్మాలు."

ఉడుము కొండముచ్చుకి చెప్పాడు: "కొండ మీద. నాలుగు గుమ్మాలు. వాగు కనిపిస్తుంది."

మూడోరోజు, నక్క అందరికీ 'బొరియల రత్న' బిరుదులిచ్చి శాలువాలు కప్పుతుండగా, కొండముచ్చు పానకాలు చెవి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "తమ్ముడూ, నీకు కాబట్టి చెబుతున్నా. కొండ కొమ్మున. అయిదు గుమ్మాలు. రెండు వాగులు కనిపిస్తాయి. పక్కిల్లు పులిగారిది!"

పానకాలుకి ఒళ్ళు పులకరించింది. "నా దగ్గరా ఒకటుందన్నా, గట్టు మీద. దీని ముందు అదెంతలే! నా పార్టీకి ఇదే ఖాయం చేసెయ్. పద, ఇప్పుడే చూద్దాం."

కొండముచ్చు, ఉడుము, ముంగిస, పానకాలు శాలువాలతో బయల్దేరారు. సగం దూరం వెళ్ళేసరికి ఉరుములు. ఇంకాస్త వెళ్ళేసరికి తొలకరి దంచికొట్టింది.

"ఇంకా ఎంత దూరమన్నా?" అన్నాడు పానకాలు.

"ఉడుముకి తెలుసు," అన్నాడు కొండముచ్చు.

"నాకేం తెలుసు? ముంగిసకి తెలుసు," అన్నాడు ఉడుము.

ముంగిస ఆగి, మీసాల మీంచి నీళ్ళు విదిలించి, పానకాలు కేసి తిరిగాడు. "నన్నడుగుతారేంటి? చెప్పింది వీడు!"

ముగ్గురూ పానకాలుని చూశారు. పానకాలు శాలువా తల మీదికి లాక్కున్నాడు. ఆ రెండు వాగులూ, పులిగారి పొరుగూ, అయిదు గుమ్మాలూ ఒక్కొక్కటే వానలో కరిగిపోగా, కళ్ళ ముందు పేరయ్య బొరియ మిగిలింది. అప్పుడు గుర్తొచ్చారు ముళ్ళు గట్టిపడని ఆ పిల్లలిద్దరూ. చెట్టు మొదట్లో.

మిగతావాళ్ళని వదిలేసి గట్టు వైపు ఒకటే పరుగు. ముందు పేరయ్యని పట్టుకోవాలి, తర్వాత వాళ్ళని తీసుకురావాలి.

బొరియ గుమ్మంలో మంగతాయారు నిలబడి ఉంది, పొడిగా.

"అయ్యో, తడిసిపోయావు నాయనా! లోపలికి రా."

"నువ్వు... ఇక్కడెలా?"

"నీ కోసం రెండు రోజులు ఆఫీసు ముందు కూర్చున్నా. పేరయ్యన్నయ్య కూడా అక్కడే కూర్చున్నాడు. నువ్వు రావు, మేం కదలం. ఎంతసేపని మొహామొహాలు చూసుకుంటాం? 'మీరెందుకొచ్చారన్నయ్యా?' అని అడిగా. అంతే! నిన్నే దిగాం. చీమల దారి నువ్వే చూపించమ్మా అన్నాడు, అవతలి ఒడ్డున నాకు తెలిసిన పుట్ట చూపించా. అదే ఇంటి ఖరీదు."

పానకాలు రెండు చెవులూ వాలిపోయాయి. డైరెక్ట్!

లోపల పిల్లలిద్దరూ కటిక నేల మీద ముడుచుకుని పడుకున్నారు. మంగతాయారు చూపు అతని చంకలోని కట్ట మీద పడింది. "అవేం ఆకులు బాబూ? బాగా మెత్తగా ఉన్నట్టున్నాయే."

పానకాలు నూట ఇరవై మంది మహా బ్రోకర్ల పంజా గుర్తుల్ని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత తడిసిన పై ఆకులు తీసేసి, మిగతావి పిల్లల పక్కన పరిచాడు. పెద్దాడు నిద్రలోనే ఆకుల మీదికి దొర్లాడు.

కాబట్టి సదస్సుల్ని ఎగతాళి చేయకండి: బ్రోకర్లు అటు వెళ్తేనే కదా, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఇటు కలుసుకునేది!