గూడ్సు బండి సంతకం

అమెరికా దేశానికి గడియారం చూడడం నేర్పింది రైలేనని మా విద్యామండలి తీర్మానించింది. అంతకుముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. రైలు కంపెనీలు పూనుకుని అందరికీ ఒకే లెక్కన టైము పెట్టాయి. ఎనిమిదో తరగతి చరిత్రలో ఇది ఏడో పాఠం. నెబ్రాస్కాలో, పట్టాల పక్కనే ఉన్న మా బడిలో పదకొండేళ్లుగా దీన్ని చెబుతున్నాను.

ఈ పాఠం మీది గౌరవంతో మండలి ఒక నియమం పెట్టింది. పాఠం నడిచే మూడు వారాల్లో మూడుసార్లు ఆలస్యమైతే పరీక్ష రాయనివ్వరు, వేసవి సెలవుల్లో మళ్లీ చదవాలి. చెల్లే కారణాలు నాలుగే: జ్వరం, చావు, మంచు, సుడిగాలి. (ఆ జాబితాలో రైలు లేదు. ఆలస్యాన్ని రూపుమాపింది రైలేనని పాఠంలోనే ఉంది.)

నా తరగతిలోని టెస్సా వర్బ్కా ఇల్లు పట్టాలకు అవతల. మైలున్నర పొడవు గూడ్సు బండి వారానికి రెండుసార్లయినా రైల్వే గేటుకు అడ్డంగా ఆగిపోతుంది. అప్పటికే ఆ పిల్లకు రెండు ఆలస్యాలు పడ్డాయి. వేసవి సెలవుల మధ్యలో, జులైలో, మా కౌంటీ సంతలో జరిగే పశువుల పోటీలో చూపించాలని ఏడాదిగా ఒక దూడను పెంచుతోంది.

పరీక్షనాడు ముప్పై ఏడు నిమిషాలు ఆలస్యంగా, బూట్ల నిండా దుమ్ముతో వచ్చి ఒక చీటీ ఇచ్చింది.

"ఏంటిది?" అన్నారు ప్రిన్సిపాల్ గండర్సన్.

"ఎవరి వల్ల లేటయిందో వాళ్ల సంతకం తెమ్మన్నారు కద సార్ పోయినసారి. ఇంజను దాకా నడిచి డ్రైవరు చేత పెట్టించా. అట్నుంచే చుట్టూ తిరిగొచ్చా."

ఆయన చీటీని రెండుసార్లు చదివారు. "సంతకం బాగానే ఉంది. ఎనిమిదీ ఇరవైకి నువ్వు ఇంజను దగ్గరున్నావని కూడా ఉంది. బడి వేళలో రైలు చూడ్డానికెళ్తే దాన్ని విజ్ఞానయాత్ర అంటారు. మీ అమ్మ అనుమతి పత్రం ఏదీ?"

"నేను చూడ్డానికెళ్లలేదు సార్. అదే వచ్చి నా ముందు నిలబడింది."

"సరే, వేసవిలో కలుద్దాం."

"మరి నా దూడ?"

"దూడలు మండలి పరిధిలోకి రావు" అని ఫారం నా ముందుకు తోశారు.

నాకు సిగ్గేసింది. సిగ్గుకు వేరే ఫారం లేదు కాబట్టి ఆలస్యం ఫారం మీదే సంతకం పెట్టాను.

ఆ రోజు పరీక్షలో మొదటి ప్రశ్న: 'రైలు సామాన్యుల జీవితాన్ని ఎలా మార్చింది? మీ సొంత అనుభవంతో రాయండి.' పట్టాలకు ఇవతల ఇళ్లున్న ఇరవై ఇద్దరూ ఆ ప్రశ్న వదిలేశారు.